నీడను కొలిచిన జ్ఞాని - థేల్స్

పదవ తరగతి గణితం చదివిన తెలుగు విద్యార్థులకు థేల్స్ సిద్ధాంతం పేరు సుపరిచితమే. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగిలిన రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుందని చెప్పే ఆ సూత్రాన్ని ఎందరో పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు. కాని ఆ పేరు గల మనిషి ఎవరో, ఏ దేశంవాడో, ఏ కాలంవాడో తెలిసినవారు అరుదు. దాదాపు 2600 సంవత్సరాల క్రితం ఒక రేవుపట్టణంలో పుట్టి, నేలపై పడిన నీడను చూసి ఆకాశమంత కట్టడం ఎత్తును చెప్పిన ఆ ప్రాజ్ఞుని జీవితం విజ్ఞానచరిత్రలో ఒక మహాప్రస్థానానికి తొలి అడుగు.

ఆసియా మైనర్ పడమటి తీరాన, మియాండర్ నది సముద్రంలో కలిసేచోట, మిలేటస్ అనే గ్రీకు నగరం ఉండేది. ఆ ప్రాంతం నేటి టర్కీ దేశంలో ఉన్నది. అయోనియా అని పిలువబడిన ఆ తీరసీమలోని పన్నెండు నగరాలలో మిలేటస్ అగ్రగణ్యమైనది. దాని ఉన్నిబట్టలకు దూరదేశాలలో పేరుండేది. నల్లసముద్రం చుట్టూ మిలేటస్ వాసులు అనేక వలస పట్టణాలను నెలకొల్పారు. ఈజిప్టు, ఫినీషియా, బాబిలోనియా దేశాల సరకులే కాక ఆ దేశాల విద్యలు, విశ్వాసాలు, గాథలు కూడా ఆ రేవులో దిగేవి. అటువంటి నగరంలో సుమారు క్రీ.పూ. 624లో థేల్స్ జన్మించాడు. తండ్రి ఎక్సామియస్, తల్లి క్లియోబులీన. వారి వంశమూలాలు ఫినీషియాకు చెందినవని చరిత్రకారుడు హెరొడోటస్ పేర్కొన్నాడు.

థేల్స్ రాసిన గ్రంథమేదీ నేడు లభించదు. ఆయనను గురించి మనకు తెలిసినదంతా తరువాతి కాలపు గ్రీకు రచయితలు భద్రపరచినదే. హెరొడోటస్ ఆయనలోని రాజనీతిజ్ఞుని చూపించాడు. ప్లేటో, అరిస్టాటిల్‌లు తత్త్వవేత్తను చూపించారు. క్రీ.శ. ఐదవ శతాబ్దికి చెందిన ప్రోక్లస్ గణితవేత్తను చూపించాడు. ఈ ముక్కలన్నీ ఏర్చి కూర్చినప్పుడు ఒక విశిష్టమూర్తి మన కళ్ళ ఎదుట నిలుస్తుంది.

ఆయన వివాహాన్ని గురించి ఒక చమత్కారమైన గాథ ఉన్నది. యౌవనంలో తల్లి పెళ్ళి చేసుకొమ్మని ఒత్తిడి చేయగా ఇంకా సమయం రాలేదన్నాడట. కొంతకాలం గడచిన తరువాత ఆమె మళ్ళీ అడిగితే సమయం దాటిపోయిందన్నాడట. సోదరి కుమారుని దత్తత తీసుకొని పెంచాడని కొందరు చెబుతారు.

పండితులకు లోకజ్ఞానం ఉండదన్న అపవాదు నేటిది కాదు. థేల్స్ కూడా ఆ నింద మోయవలసివచ్చింది. ఒక రాత్రి నక్షత్రాలను చూస్తూ నడుస్తూ ఆయన బావిలో పడిపోయాడనీ, అది చూసిన ఒక పనిపిల్ల, కాలి కింద ఉన్నది కనబడనివాడికి ఆకాశంలోని సంగతులెందుకని పరిహసించిందనీ ప్లేటో రాశాడు. దీనికి జవాబు వంటి మరొక కథను అరిస్టాటిల్ చెప్పాడు. థేల్స్ పేదరికాన్ని చూపి, విద్య కూడు పెట్టదని ఊరివారు ఎగతాళి చేసేవారు. ఆయన తన ఖగోళజ్ఞానంతో రాబోయే ఏడు ఆలివ్ పంట విరగకాస్తుందని శీతకాలంలోనే గ్రహించాడు. ఉన్న కొద్దిపాటి ధనాన్ని బయానాగా ఇచ్చి, మిలేటస్‌లోను, కియోస్ దీవిలోను ఉన్న నూనెగానుగలన్నిటినీ ముందుగానే అద్దెకు తీసుకొన్నాడు. ఆ సమయంలో పోటీ పడేవారు లేరు కనుక అద్దె స్వల్పం. పంట చేతికి వచ్చాక అందరికీ ఒకేసారి గానుగలు కావలసివచ్చాయి. అప్పుడు ఆయన తాను కోరిన ధరకు వాటిని తిరిగి అద్దెకిచ్చి ధనం గడించాడు. జ్ఞానులు తలచుకొంటే ధనవంతులు కాగలరనీ, అయితే వారి తలపు దానిమీద ఉండదనీ ఆ విధంగా నిరూపించాడట.

ఆయన తలపు దేనిమీద ఉన్నదో తెలుసుకోవాలంటే ఈజిప్టుకు పోవాలి. థేల్స్ ఈజిప్టుకు వెళ్ళి అక్కడి రేఖాగణితాన్ని గ్రీసుదేశానికి తెచ్చాడని ప్రోక్లస్ చెప్పాడు. ఏటేటా నైలునది వరదలు పొలాల గట్లను చెరిపివేసేవి. వరద తగ్గిన తరువాత తాళ్ళతో నేలను తిరిగి కొలిచి హద్దులు నిర్ణయించవలసి వచ్చేది. ఆ అవసరం నుండి అక్కడ కొలతల విద్య వృద్ధి పొందింది. పిరమిడ్ల వాలును లెక్కకట్టే పద్ధతులు థేల్స్ కంటె వెయ్యేళ్ళకు ముందే అక్కడి పాపిరస్ పత్రాలకెక్కాయి. మన దేశంలో కూడా యజ్ఞవేదికల నిర్మాణం కోసం శుల్బసూత్రాలు వెలిశాయి. వాటిలో చెప్పిన ప్రౌగచితి సమద్విబాహు త్రిభుజాకారంలో ఉండే వేదిక. ఈ విధంగా ప్రాచీన జాతులెన్నో తాటితోను, కొలబద్దతోను ఆకృతులను సాధించాయి.

ఈజిప్టులో థేల్స్ పిరమిడ్ ఎత్తును కొలిచిన ఉదంతం లోకప్రసిద్ధం. అక్కడి పిరమిడ్లు ఆయన నాటికే అతి పురాతనాలు. గిజాలోని మహాపిరమిడ్ అప్పటికే దాదాపు రెండు వేల సంవత్సరాల నాటిది. దాని కొన నుండి భూమికి నిలువుగా తాడు వేలాడదీయడం సాధ్యం కాదు, మధ్యలో రాతికొండ వంటి కట్టడం అడ్డు. థేల్స్ కట్టడం మీదికి ఎక్కలేదు, దానిని తాకనూ లేదు. ఎండలో నిలబడి తన నీడను గమనించాడు. నీడ పొడవు తన ఎత్తుకు సరిగ్గా సమానమయ్యే క్షణం దాకా వేచి ఉన్నాడు. ఆ క్షణంలో పిరమిడ్ నీడను కొలిపించి, అదే పిరమిడ్ ఎత్తని చెప్పాడు.

ఇది గారడీవిద్య వలె తోచవచ్చు. కాని దీని వెనుక ఉన్నది త్రిభుజ లక్షణమే. నిలుచున్న మనిషి ఒక భుజం. నేలపై పడిన నీడ మరొక భుజం. తల నుండి నీడ కొన వరకు సాగే సూర్యకిరణం మూడవ భుజం. మనిషి నేలకు నిలువుగా నిలుచున్నాడు కనుక పాదాల వద్ద లంబకోణం ఏర్పడుతుంది. ఎత్తూ నీడా సమానమైనప్పుడు అది సమద్విబాహు త్రిభుజమవుతుంది. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉండే కోణాలు సమానం. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. అందులో లంబకోణానికి 90 పోగా మిగిలిన 90 డిగ్రీలను ఆ రెండు కోణాలు సమానంగా పంచుకొంటాయి. ఒక్కొక్కటి 45 డిగ్రీలవుతుంది. అంటే ఆ క్షణంలో సూర్యకిరణం నేలతో 45 డిగ్రీల కోణం చేస్తున్నదన్నమాట. సూర్యుడు బహుదూరాన ఉండడం వలన కిరణాలు సమాంతరంగా వస్తాయి. మనిషి వద్ద ఏ కోణమో పిరమిడ్ వద్ద కూడా అదే కోణం. పిరమిడ్ కొన నుండి నేలకు దింపిన నిట్టనిలువు రేఖ, నీడ, కిరణం కలిసి ఏర్పడే పెద్ద త్రిభుజంలోనూ రెండు కోణాలు 45 డిగ్రీలవే. కోణాలు సమానమైతే వాటికి ఎదురుగా ఉన్న భుజాలు కూడా సమానం. కాబట్టి నీడ ఎంతో ఎత్తు అంతే.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని మరువరాదు. నీడ మొదలయ్యేది పిరమిడ్ అంచు నుండి కాదు, కొనకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుండి. ఆ బిందువు కట్టడం గర్భంలో ఉన్నది. మహాపిరమిడ్ నిర్మాణకాలంలో దాని ఎత్తు సుమారు 147 మీటర్లు, అడుగుభాగంలో ఒక్కొక్క భుజం సుమారు 230 మీటర్లు. నీడ ఒక పక్కకు సూటిగా పడినప్పుడు కట్టడం వెలుపల కనబడే నీడ కేవలం 32 మీటర్లే. దానికి భుజంలో సగమైన 115 మీటర్లు కలిపితే ఎత్తు వస్తుంది. మహాపిరమిడ్ భుజాలు నాలుగు దిక్కులకు అభిముఖంగా ఉన్నాయి కనుక మధ్యాహ్నవేళ నీడ సూటిగా ఉత్తరానికి పడుతుంది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున నిలిచేది ఏడాదిలో రెండు పర్యాయాలే. అవి సుమారుగా నవంబరు మొదటి వారంలో ఒకసారి, ఫిబ్రవరి రెండవ వారంలో ఒకసారి. ఓర్పుతో వేచి ఉండడం కూడా శాస్త్రజ్ఞునికి అవసరమైన గుణమని దీనివలన తెలుస్తుంది.

ఈ కథకు మరొక రూపం కూడా ఉన్నది. థేల్స్ పిరమిడ్ నీడ కొనవద్ద ఒక కర్ర పాతి, కర్రకూ దాని నీడకూ ఉన్న నిష్పత్తినిబట్టి పిరమిడ్ ఎత్తును కనుగొన్నాడనీ, ఈజిప్టు రాజు అమాసిస్ అందుకు ఆశ్చర్యపడ్డాడనీ ప్లూటార్క్ రాశాడు. ఈ పద్ధతిలో ప్రత్యేక క్షణం కోసం వేచి ఉండనక్కరలేదు, ఏ వేళనైనా సరిపోతుంది. నేటి పాఠ్యపుస్తకాలలో ఆయన పేరుతో ఉన్న సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం.

అయినప్పటికీ థేల్స్ కీర్తికి మూలం నీడను కొలవడం కాదు. కొలత ఎందుకు సరిపోయిందన్న ప్రశ్న వేయడం. వంద సమద్విబాహు త్రిభుజాలను గీసి, వంద మార్లు కోణాలను కొలిచి, అవి సమానమని చెప్పవచ్చు. కాని నూటొకటవ త్రిభుజంలో కూడా అవి సమానమే అవుతాయన్న హామీ కొలత ఇవ్వలేదు. ఆ హామీ కారణం ఒక్కటే ఇవ్వగలదు. సమద్విబాహు త్రిభుజంలో భూమివద్ద ఉన్న కోణాలు సమానమని మొదట ప్రతిపాదించినవాడు థేల్స్ అని ప్రోక్లస్ చెప్పాడు. ఆయన సమానం అనడానికి బదులు పూర్వకాలపు వాడుకనుబట్టి సదృశం అనే అర్థమిచ్చే పదం వాడాడని కూడా పేర్కొన్నాడు. ఒక శాస్త్రం తన పరిభాషను ఇంకా సమకూర్చుకొంటున్న తొలిదశ ఆ పదంలో కనబడుతుంది.

ఆ కారణం ఎంతటి సులభమైనదో చూడండి. సమద్విబాహు త్రిభుజపు శీర్షకోణాన్ని రెండు సమభాగాలు చేస్తూ భూమి వరకు ఒక గీత గీయాలి. ఇప్పుడు రెండు చిన్న త్రిభుజాలు ఏర్పడ్డాయి. వాటికి గీత ఉమ్మడి భుజం. సమానమైన పెద్ద భుజాలు చెరొకటి. ఆ భుజాల మధ్య ఉన్న కోణాలూ సమానమే. కాబట్టి కాగితాన్ని ఆ గీత వెంబడి మడిచితే ఒక త్రిభుజం మరొకదానిమీద సరిగ్గా అమరుతుంది. భూమివద్ద కోణం కోణంతో ఏకీభవిస్తుంది. త్రిభుజం చిన్నదైనా, పెద్దదైనా, సన్నదైనా, వెడల్పైనా ఈ వాదం చెక్కుచెదరదు. థేల్స్ స్వయంగా ఏ మార్గంలో నిరూపించాడో తెలిపే రాత మిగలలేదు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత యూక్లిడ్ తన మహాగ్రంథంలోని మొదటి భాగంలో దీనిని ఐదవ ప్రతిపాదనగా నిలిపాడు. యూక్లిడ్ ఇచ్చిన నిరూపణ కొంత క్లిష్టమైనది. దానిని దాటలేక వెనుదిరిగే విద్యార్థులను ఉద్దేశించి ఐరోపాలో ఆ ప్రతిపాదనకు గాడిదల వంతెన అన్న ముద్దుపేరు స్థిరపడింది.

వ్యాసం వృత్తాన్ని రెండు సమభాగాలు చేస్తుందనీ, రెండు సరళరేఖలు ఖండించుకొన్నప్పుడు ఏర్పడే శీర్షాభిముఖ కోణాలు సమానమనీ కూడా థేల్స్ చెప్పాడట. సముద్రంలోని ఓడ ఒడ్డు నుండి ఎంత దూరంలో ఉన్నదో ఆయన చెప్పగలిగేవాడనీ, ఒక భుజం, దానికి అటూ ఇటూ ఉన్న కోణాలు సమానమైతే రెండు త్రిభుజాలు సర్వసమానాలన్న సూత్రం తెలిసినందుననే అది సాధ్యమైందనీ అరిస్టాటిల్ శిష్యుడు యూడిమస్ భావించాడు. ఓడకు సూటిగా ఎదురుగా ఒడ్డున నిలబడి, అక్కడి నుండి తీరం వెంట కొంతదూరం నడిచి ఒక కర్ర పాతాలి. మళ్ళీ అంతే దూరం ముందుకు నడవాలి. అక్కడ సముద్రానికి వీపు పెట్టి, తీరానికి లంబంగా భూభాగంలోకి నడుస్తూ పోతే, ఒకచోట కర్రా ఓడా ఒకే వరుసలో కనబడతాయి. భూభాగంలోకి నడిచిన దూరమే ఒడ్డు నుండి ఓడకు ఉన్న దూరం. శీర్షాభిముఖ కోణాలు, లంబకోణాలు, సమానమైన రెండు నడకలు కలిసి ఆ రెండు త్రిభుజాలనూ సర్వసమానాలు చేస్తాయి. వర్తకనౌకల రాకపై బతికే నగరంలో ఇటువంటి విద్యకు ఉన్న విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అర్ధవృత్తంలోని కోణం లంబకోణమన్న సిద్ధాంతం ఆయన పేరుతో వినబడే మరొక రత్నం. దీనిని కనుగొన్న ఆనందంలో థేల్స్ ఒక ఎద్దును బలి ఇచ్చాడని పాంఫిలా అనే రచయిత్రి చెప్పగా, కొందరు ఈ ఘనతను పైథాగరస్‌కు కట్టబెట్టారు. దీనిని సాధించే తీరు సమద్విబాహు త్రిభుజపు శక్తిని చక్కగా చాటుతుంది. వృత్తంలో వ్యాసం గీసి, వృత్తపరిధిపై ఎక్కడైనా ఒక బిందువు తీసుకొని, దానిని వ్యాసపు రెండు కొనలతో కలపాలి. కోణం ఎంతో తెలియదు, కొలతలేవీ ఇవ్వలేదు. అప్పుడు కేంద్రం నుండి ఆ బిందువుకు ఒక్క గీత గీయాలి. ఆ గీత వ్యాసార్ధం. కేంద్రం నుండి వ్యాసపు కొనలకు ఉన్న దూరాలూ వ్యాసార్ధాలే. కనుక పెద్ద త్రిభుజం రెండు సమద్విబాహు త్రిభుజాలుగా విడిపోయింది. ఎడమ త్రిభుజంలో వ్యాసపు కొనవద్ద కోణం 35 డిగ్రీలనుకొంటే పరిధిపై ఉన్న బిందువు వద్ద దాని వాటా కూడా 35 డిగ్రీలే. కుడి త్రిభుజంలోనూ అంతే, కొనవద్ద ఎంతో పైన అంతే. అంటే పై కోణం కింది రెండు కోణాల మొత్తానికి సమానం. మూడూ కలిసి 180 డిగ్రీలు కాబట్టి పై కోణం అందులో సగం, 90 డిగ్రీలు. కుడివైపు కొనవద్ద 55 డిగ్రీలని అడగకుండానే తేలిపోతుంది. పరిధిపై బిందువును ఎక్కడికి జరిపినా కింది కోణాలు మారతాయి కాని పై కోణం మారదు. దారి కనబడని సమస్యలో సమానమైన భుజాలను వెదికి పట్టుకొంటే సమానమైన కోణాలు దొరుకుతాయి. ఆ కోణాలు దారి చూపుతాయి.

ఈ కారణాన్వేషణనే థేల్స్ ప్రకృతికీ వర్తింపజేశాడు. సృష్టికి మూలపదార్థం నీరు అని ఆయన అభిప్రాయపడ్డాడు. ఆ నిర్ణయం నిలవలేదు. కాని ప్రకృతి వ్యాపారాలకు దేవతల ఆగ్రహానుగ్రహాలను కాక ప్రకృతిలోనే కారణం వెదకాలన్న దృష్టి నిలిచింది. అందువల్లనే అరిస్టాటిల్ ఆయనను ఆ తత్త్వమార్గానికి ఆద్యుడన్నాడు. అనాక్సిమాండర్ వంటివారు ఆ మార్గంలోనే నడిచారు.

లిడియా, మీడియా రాజ్యాల మధ్య యుద్ధం ఆరవ ఏట జరుగుతున్నప్పుడు పట్టపగలు చీకటి కమ్మిందనీ, ఇరుపక్షాలు భయపడి సంధి చేసుకొన్నాయనీ, ఆ గ్రహణం రాబోయే సంవత్సరాన్ని థేల్స్ ముందే చెప్పాడనీ హెరొడోటస్ రాశాడు. అది క్రీ.పూ. 585 మే 28 నాటి సూర్యగ్రహణమని సాధారణంగా భావిస్తారు. ఆనాటి జ్ఞానంతో అటువంటి జోస్యం సాధ్యమా అని ఆధునిక పండితులు సందేహిస్తారు. ఏది ఏమైనా గ్రీకులు తమ సప్తఋషుల వంటి ఏడుగురు జ్ఞానులలో ఆయనకు ప్రథమస్థానం ఇచ్చారు.

అంతటి జ్ఞాని మాటను స్వజనం పూర్తిగా ఆలకించలేదు. పారశీక సామ్రాజ్యం పెరుగుతున్న కాలంలో అయోనియా నగరాలు వేరువేరుగా ఉంటే నిలువలేవని ఆయన గ్రహించాడు. నడిమధ్యనున్న టియోస్ పట్టణంలో అందరికీ ఒకే రాజ్యసభ ఉండాలని హితవు చెప్పాడు. ఆ ఐక్యత సమకూరలేదు. క్రీ.పూ. 546 ప్రాంతంలో సైరస్ చక్రవర్తి లిడియాను జయించాడు. క్రీసస్ రాజుతో చేతులు కలపవద్దని థేల్స్ వారించినందువలన మిలేటస్ మాత్రం అప్పటికి గండం గడచి బయటపడింది. కాని తక్కిన నగరాలు ఒక్కొక్కటిగా పారశీకుల వశమయ్యాయి. తరువాత అర్ధశతాబ్దికి, క్రీ.పూ. 494లో, తిరుగుబాటు విఫలమై మిలేటస్ కూడా ధ్వంసమైంది.

ఆ విషాదాన్ని చూడడానికి థేల్స్ లేడు. క్రీ.పూ. 546 ప్రాంతంలో, వార్ధక్యంలో, క్రీడాపోటీలు చూస్తూ ఎండవేడికి, దప్పికకు సొమ్మసిల్లి ఆయన మరణించాడని చెబుతారు. నీటినే సర్వానికి మూలమని నమ్మిన మనిషి నీటికై తపించి కన్నుమూశాడన్నమాట.

మిలేటస్ నగరం నేడు శిథిలాల కుప్ప. మియాండర్ నది మేటవేసిన ఒండ్రుమట్టి వలన సముద్రం అక్కడి నుండి కొన్ని కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. ఓడలు ఆగిన రేవు పొలంగా మారింది. ఆ నగరపు సంపద పోయింది, థేల్స్ రాతలు కూడా పోయాయి. కాని సమద్విబాహు త్రిభుజంలో భూకోణాలు ఆనాడు ఎందుకు సమానమో ఈనాడూ అందుకే సమానం. తరగతి గదిలో ఒక విద్యార్థి కొలబద్దను పక్కన పెట్టి, ఇది ఎందుకు నిజమని ప్రశ్నించిన ప్రతిసారీ థేల్స్ మొదలుపెట్టిన పని మరొక అడుగు ముందుకు సాగుతుంది.